నీలవ్వ చెప్పిన వాన

నీలవ్వ మొగులుతో, అదే ఆకాశంతో, కొట్లాట పెట్టుకుందట. ఈ మాట బీడీలు చుట్టే నర్సవ్వ చెప్పింది. నర్సవ్వ కూడా తన కళ్లతో చూడలేదు, గోడ అవతలి సంధ్యారాణి చూసిందట. శుక్రవారం పొద్దున ఇంకా తెలవారకముందే నీలవ్వ వాకిట్లోకి వచ్చి, కొంగు నడుముకు చెక్కి, ఆకాశం వైపు చెయ్యి చాపి "వస్తవా రావా? ఏదో ఒకటి చెప్పు" అని గద్దించిందట. సంధ్యారాణి భయపడి తలుపు గడియ పెట్టుకుందట. "దేవుడు దాని నోట్లె మాట్లాడుతడంటరు గదా. మరి ఆ దేవుణ్నే అడుగొచ్చు, మొగులునెందుకు తిట్టుడు?" అని నర్సవ్వ ఒళ్లోని తంబాకు దులుపుకుంటూ నవ్విందట. ఆ మాట ఆలూర్ రోడ్డు మీది పసుపు కల్లాల దాకా చేరేసరికి నీలవ్వ మొగులు మీదికి రాళ్లు కూడా విసిరింది.

రాళ్లు విసరలేదు. మిగతాదంతా నిజమే.

మార్చి నెలలో ఆర్మూర్ చుట్టుపక్కల మనుషులకు పసుపు ఉడకబెట్టడం, ఆకాశం వంక చూడటం తప్ప వేరే ధ్యాస ఉండదు. తవ్విన కొమ్ములను ఆవిరి డ్రమ్ముల్లో ఉడికించి కల్లంలో పలచగా పరుస్తారు. అవి ఎండ తాగి, చేత్తో కదిపితే గలగలమనే దాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఒక్క వాన పడితే రంగు పోతుంది. పోనీ వాన వస్తుందేమోనని ప్లాస్టిక్ పరదాలు కప్పేస్తే అదో తలనొప్పి. సగం ఎండిన పసుపు పరదా కింద చెమట పట్టి, మెత్తబడి, ఆపైన బూజెక్కుతుంది. ఎప్పుడు కప్పాలో, ఎప్పుడు తీయాలో కచ్చితంగా చెప్పే మనిషి దొరికితే ఇక్కడి రైతు కళ్లకద్దుకుంటాడు.

నిరుడు అలాంటి మనిషి దొరికింది. నీలవ్వే.

నీలవ్వ భూపతి పటేల్ కల్లంలో కూలి. పక్కనే కౌలుకు తీసుకున్న అర ఎకరంలో తనకూ కాస్త పసుపుంది. సాయంత్రాలు రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పోతుంది. ఆ షెడ్డు పాస్టరుకు ఆధార్ కార్డులో గణేష్ అనీ, బాప్తిస్మంలో దానియేలు అనీ పేరు. ఊరంతా గణేష్ పాస్టర్ అనే పిలుస్తుంది, ఆయనా పలుకుతాడు. నిరుడు ఒక సాయంత్రం ప్రార్థన మధ్యలో నీలవ్వ ఒళ్లు వణికి, "పసుపు మీద నీళ్లు నడుస్తున్నయి, కప్పుండ్రి, కప్పుండ్రి" అని కేకలు పెట్టింది. బయట ఆకాశం కడిగిన తాంబాళంలా ఉంది. అయినా ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు కల్లాలకు ఉరికారు. వాళ్లు ఉరకడం చూసి భూపతి పెండ్లాం వాణి కూడా ఎందుకైనా మంచిదని తమ పసుపు కప్పించింది. చీకటి పడకముందే రాళ్ల వాన కొట్టింది.

మర్నాడు భూపతి తన కల్లంలో నీలవ్వ కోసం ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ముప్పై ఏళ్లుగా ఆమె ఆ కల్లంలో కూర్చుంటూనే ఉంది, కానీ నేల మీద. పాస్టర్ ఆమెను ప్రవక్త్రి అన్నాడు. ఆ మాట నోరు తిరగని వాళ్లు "దేవుడు చెప్పే అవ్వ" అన్నారు. దుబాయ్ వీసా సంగతి అడిగేవాళ్లు, గేదె ఈనుతుందో లేదో అడిగేవాళ్లు మొదలయ్యారు. "ప్రార్థన జేస్త తియ్యుండ్రి" అని ఆమె తప్పించుకునేది. కానీ కుర్చీ చూపిస్తే మాత్రం కూర్చునేది. పటేల్ ఇంటి స్టీలు గ్లాసులో చాయ్ తాగేది. అలా కూర్చున్నప్పుడు వీపు తనంతట తానే నిటారుగా నిలబడేది.

ఈ ఏడాది, ఆ శుక్రవారానికి ముందు మంగళవారం సాయంత్రం ఉపవాస ప్రార్థనకు భూపతి స్వయంగా వచ్చాడు. షెడ్డులో అందరికన్నా వెనక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. పాట అయిపోయాక పాస్టర్ అడిగాడు: "అమ్మా, మొగులు సంగతి దేవుడేమన్న బయలుపరచిండా?" అందరి తలలూ నీలవ్వ వైపు తిరిగాయి. ఆమె గుండెలో ఏదో కదిలింది. నిరుడు కదిలినట్టే కదిలిందా, లేక భూపతి చూస్తున్నాడని కదిలిందా? ఆలోచించేలోపే నోరు తెరుచుకుంది. "శుక్రవారం దాటదు. వాన."

బుధవారం పొద్దుటికల్లా ఆలూర్ రోడ్డు కల్లాలన్నీ నీలి పరదాల కిందికి పోయాయి. ఒక్క జహంగీర్ కల్లం తప్ప.

శుక్రవారం మధ్యాహ్నం నీలవ్వ తన పసుపు పక్కన రాతి మీద కూర్చుని ఉంది. కూర్చుంటే లేవబుద్ధవుతోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు. రెండు రోజులుగా ఎండ నిప్పులు చెరుగుతోంది. భూపతి కల్లం నుంచి మనుషులు ఊరికే ఇటు వచ్చి, ఆమెను చూసి, ఆకాశాన్ని చూసి వెనక్కి పోతున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు. అడిగినా బాగుండేది.

ఎదురుగా జహంగీర్ పసుపు పరదా లేకుండా ఎండలో పచ్చగా పరుచుకుని ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ ఆమెకు ఎవరో వేలెత్తి చూపినట్టనిపిస్తోంది.

పోచంపాడు దిక్కున చిన్న మబ్బు తునక లేచింది. నీలవ్వ గభాలున నిలబడింది. అది మెల్లగా ఇటే జరుగుతున్నట్టుంది. ఇదే దారిలో వస్తే మొదట పడేది జహంగీర్ కల్లం మీదే అని కంటితోనే లెక్క కట్టుకుంది. రెండు రోజుల్లో మొదటిసారి ఆమెకు ఊపిరి నిండుగా ఆడింది. "రా, రా, జల్ది రా" అంది. చూస్తుండగానే మబ్బు పలచబడి, దూదిలా చీలి, ఎండలో కలిసిపోయింది. నీలవ్వ నోటి నుంచి ఒక తిట్టు వచ్చింది. అది ప్రార్థన చేసుకునే మనిషి నోటి నుంచి రావాల్సింది కాదు.

"ఎవల్ని తిడుతున్నవ్ నీలవ్వా?"

జహంగీర్ జుమ్మా నమాజు ముగించుకుని టోపీ తీయకుండానే వచ్చాడు. ఆ రోడ్డు మీద పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఆయనదే. అందరూ ఆయన దగ్గరే కిరాయికి తీసుకుంటారు. రంజాన్ రోజా ఉపవాసం వల్ల పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి.

"ఎవల్ని లేదు భాయ్."

"జర పరదా లేపు."

"ఎందుకు?"

"లేపు జర."

ఆమె కదలలేదు. ఆయనే అంచు మీది రాయి జరిపి పరదా ఎత్తాడు. లోపలి నుంచి ఆవిరి, ముసురు పట్టిన ఇంటి వాసన ఒక్కసారిగా బయటికొచ్చాయి. చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి రెండు వేళ్లతో వంచాడు. టక్కున విరగాల్సింది మెత్తగా వంగింది.

"సూడు. ఒంగుతున్నది. రేపటికి బూజు వడ్తది. తీసెయ్."

"ఇయ్యాల శుక్రవారమే గద. ఇంక పొద్దు గూకలే."

"పొద్దు గూకే దాక పసుపు ఆగుతదా?"

"నా మాట మీద ఇంతమంది కప్పిండ్రు భాయ్. నేనే తీస్తే ఏమైతది?"

"నువ్వు తీస్తే వాళ్లు తీస్తరు. గంతే."

"గంతేనా? నీకు గంతేనే." నీలవ్వ గొంతు పెరిగింది. "నువ్వొక్కనివే కప్పలే. నా మాటంటే నీకు లెక్క లేదు."

జహంగీర్ కొమ్మును కింద పడేయలేదు, ఎండ తగిలేలా రాతి మీద పెట్టాడు. "నీ మాట మీద నాకు కోపం లేదమ్మా. గాలి ఎటు దిక్కు కొడుతున్నదో జూసిన, కప్పలే. ఇంకొకటి, మాకు నబీల సిల్సిలా, ప్రవక్తల వరస, మా ఆఖరి రసూల్‌తోని ఖతమ్. గా తలుపు బంద్ అయింది. ఇప్పుడు ఎవ్వలకన్న కల వడ్తే, గుండెల ఏదన్న అనిపిస్తే, అది నిజమన్న గావచ్చు, గాకపోనువచ్చు. కని అది వాళ్ల మటుకే. ఊరి మీద ఎయ్యొద్దు. గంత బరువు నీకెందుకు?"

ఆయన ఆ మాట జాలిగానే అన్నాడు. నీలవ్వకు మాత్రం కుర్చీ వెనక్కి లాగినట్టయింది.

అంతలో గణేష్ పాస్టర్ బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. "వందనాలమ్మా. సలాం చాచా. భూపతి పటేల్ పొద్దటి సంది ఒకటే ఫోన్లు. మా నలభై రోజుల ఉపవాసాల్ల గీ తిరుగుడొకటి."

"ఉపాసమా? మీసానికి చాయ్ నురుగు అంటింది సూస్కో" అన్నాడు జహంగీర్.

పాస్టర్ మూతి తుడుచుకున్నాడు. "మాకు సాయంత్రం దాక అన్నం ముట్టొద్దు. చాయ్ వద్దనలే."

"మస్తున్నదయ్యా. వచ్చే ఏడు నేను మీ దాంట్లనే పేరు రాయిస్త."

ఇద్దరూ నవ్వారు. నీలవ్వ నవ్వలేదు. పాస్టర్ పరదా అంచున వంగి చూసి, వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత ప్రార్థనలో వాడే గొంతు తెచ్చుకున్నాడు.

"అమ్మా, నువ్వేం దిగులు వడకు. వాన పడకున్నా నువ్వు అబద్ధం చెప్పినట్టు గాదు. ప్రవక్త చెప్పినంక సుత దేవుడు మనసు మార్చుకుంటడు. యోనా సంగతి జ్ఞాపకం లేదా?"

"యూనుస్ అలైహిస్సలామా?" అన్నాడు జహంగీర్.

"ఆయనే చాచా. దేవుడు నీనెవె పట్నానికి పొమ్మంటే, ఆయన ఉల్టా దిక్కు పోయే ఓడ ఎక్కిండు. సముద్రంల చేప మింగింది. మళ్ల బయట పడ్డంక పట్నానికి పోయి, మీ ఊరు నాశనమైతదని చాటింపేసిండు. ఊరు ఊరంత భయపడి తప్పు ఒప్పుకున్నది. దేవునికి దయ కలిగి ఇడిచిపెట్టిండు. మరి యోనా సంతోషపడ్డడా? పడలే. అలిగిండు! పట్నం బయటికి పోయి ఎత్తుల కూసున్నడు, ఇప్పుడన్న కాలుతదా అని సూసుకుంట. నా మాట పోయినంక నేను బతుకుడెందుకు, సచ్చిపోత అన్నడు."

"తౌబా, తౌబా." జహంగీర్ రెండు చెంపలూ తాకాడు. "పాస్టర్ సాబ్, నబీ గురించి గట్ల మాట్లాడ్తరా? ఆయన హుకుం రాకముందే ఊరు ఇడిచిపెట్టి పోయిండు, గది నిజం. చాప కడుపుల చీకట్ల కూసోని తప్పు నాదే అన్నడు, అల్లా మాఫ్ చేసిండు. గంతవరకు నేను ఒప్పుకుంట. కని ఊరు కాలాలె, జనం సావాలె అని కూసుండుడా? నబీ దిల్ గట్లుండదు. అల్లా ఏరుకున్న మనిషి ఆయన. పాపం జోలికి పోనియ్యడు."

"మా ప్రవక్తలు మనుషులే చాచా. నోవహు తాగి పడిపోయిండు. దావీదు పరాయోని పెండ్లాన్ని తెచ్చుకున్నడు. అయినా దేవుడు వాళ్లతోని మాట్లాడిండు. పగిలిన కుండల సుత దేవుడు నీళ్లు పడుతడు."

"దావూద్ నబీ మీద గా మాట మేము నోట్లెకెల్లి రానియ్యం. కుండ పగిలిందైతే నీళ్లల్ల మట్టి రాదా? ఇగ మేమేం తాగాలె?"

"మట్టి వస్తే వడపోసుకోవాలె. అందుకే ప్రవచనం చెప్పినంక సంఘం పరీక్ష చెయ్యాలె అని మాకు ఉన్నది."

"మరి మొన్న మంగళవారం చేసిండ్రా పరీక్ష?"

పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఇగ యేసు ప్రభువు దగ్గరికి వస్తే…" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. జహంగీర్ కూడా టోపీ సర్దుకున్నాడు. ఏళ్లుగా వాళ్లిద్దరి వాదనా అక్కడికొచ్చి ఆగుతుంది. ఒకరికి యేసు అంటే ఈసా నబీ, గొప్ప ప్రవక్త. ఇంకొకరికి దేవుని కుమారుడు. ఆ గట్టు దాటితే మర్నాడు బాయిలర్ కిరాయి మాట్లాడుకోవడం కష్టమవుతుందని ఇద్దరికీ తెలుసు. అందుకే మళ్లీ యోనా దగ్గరికే వెళ్లారు.

"సరే, సొరచెట్టు సంగతి?" అన్నాడు పాస్టర్. "ఎండల కూసున్న యోనాకు దేవుడు సొరచెట్టు మొలిపించి నీడనిచ్చిండు. తెల్లారి పురుగును పంపి దాన్ని ఎండగొట్టిండు. చెట్టు ఎండితే ఏడుస్తవ్, మరి గంత పెద్ద పట్నం మీద నాకు జాలి ఉండొద్దా అని బుద్ధి చెప్పిండు."

"సొరతీగ మాకూ ఉన్నది. పురుగు లేదు. చాప కడుపులకెల్లి పడ్డంక ఒళ్లంత పచ్చిపుండు లెక్కయితే, నీడకని మొలిపించిండు అల్లా. మందు లెక్క. దండన గాదు."

"అది పట్నం బయట మొలిచింది చాచా."

"కాదు, సముద్రం ఒడ్డుకు."

వాళ్లు సొరతీగ ఎక్కడ మొలిచిందో తేల్చుకునే పనిలో పడ్డారు. నీలవ్వకు ఆ తర్వాత ఒక్క మాటా చెవికెక్కలేదు. ఎత్తున కూర్చుని, ఊరు ఎప్పుడు కాలుతుందా అని చూసే మనిషి ఒక్కడే ఆమె కళ్ల ముందు ఉన్నాడు. అతను ఎలా కూర్చుని ఉంటాడో ఎవరూ చెప్పక్కర్లేదు. మోచేతులు మోకాళ్ల మీద, మెడ పైకి, ఒకే దిక్కు చూపు. పొద్దుటి నుంచి ఆమె ఈ రాతి మీద అలాగే ఉంది.

పాస్టర్ చెప్పింది నిజమైతే, ఇలాంటి మనసుతోనూ ప్రవక్త్రిగా ఉండొచ్చు. కుర్చీ ఎక్కడికీ పోదు. జహంగీర్ చెప్పింది నిజమైతే, ఆమె ఏ రోజూ ఏమీ కాదు. మరి నిరుటి వాన? అప్పుడు ఒళ్లంతా వణికింది, అబద్ధం కాదు. అది ఎవరు పంపారు? ఎవరూ పంపకపోతే ఎందుకు పడింది? ఎటు తిప్పినా మనసుకు నిలకడ చిక్కలేదు.

"అయ్యగారు," అంది. ఇద్దరూ ఆగారు. "ఊరు కాలాలె అని కోరుకున్నంక సుత గా యోనా ప్రవక్తేనా?"

"ప్రవక్తే అమ్మా. దేవుడు ఆయన్ని ఇడిచిపెట్టలే."

"భాయ్, మీ దాంట్ల?"

"గట్ల కోరుకునేటోడు నబీ గాడు నీలవ్వా. నబీ అట్ల కోరుకోడు."

ఇద్దరూ తామే గెలిచామన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. నీలవ్వ లేచి, పరదా మీద బరువుకు పెట్టిన రాళ్లు ఒక్కొక్కటే కాలితో నెట్టేసింది. కొస పట్టుకుని సర్రున లాగింది. చెమ్మగిల్లిన పసుపు ఎండలో పొగలు కక్కింది. రెండు చేతులతో కొమ్ములను అటూ ఇటూ చెదరగొట్టి, భూపతి కల్లం వైపు నడిచింది. జహంగీర్, పాస్టర్ ఆమె వెంట పడ్డారు. పాస్టర్ బండి స్టార్ట్ చేయడం కూడా మరిచిపోయాడు.

భూపతి కల్లంలో చుట్టుపక్కల రైతులు అప్పటికే చేరి ఉన్నారు. వాణి కొంగుతో ముఖం విసురుకుంటోంది. నీలవ్వను చూడగానే భూపతి లేచాడు.

"రా నీలవ్వా, కూసో. నీకోసమే మనిషిని పంపుదామనుకుంటున్న."

ఆమె కూర్చోలేదు. నేరుగా పోయి పెద్ద పరదా మూల పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. పరదా కాస్త జరిగి ఆగింది.

"ఏయ్, ఏం జేస్తున్నవ్?"

"తీస్తున్న పటేలా. మీరూ ఒక చెయ్యి వెయ్యుండ్రి. లోపల ఉడుకుతున్నది."

"మరి వాన?"

"ముందుగాల తియ్యుండ్రి."

వాణి పరదా కిందికి చెయ్యి పోనిచ్చి పిడికెడు కొమ్ములు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని, మొగుడి వైపు చూసి "అయ్యో, పసుపు చెడిపోయింది" అంది. దాంతో రైతులు దిగ్గున లేచారు. ఇద్దరు తమ కల్లాల వైపు ఉరికారు. మిగతావాళ్లు ఇక్కడే ఒక అంచు పట్టుకున్నారు. గొంతులన్నీ ఒకేసారి లేచాయి.

"దేవుడు చెప్పిండంటివి గద!"

"మంచిగ ఎండేదాన్ని కప్పిస్తివి!"

"ఆగుండ్రి, ఆగుండ్రి." పాస్టర్ రొప్పుతూ ముందుకొచ్చాడు. "పటేల్, అమ్మ చెప్పింది దేవుని మాటనే. మనం ప్రార్థన చేసినం, దేవునికి దయ కలిగి వాన ఆపిండు. మనసు మార్చుకున్నడు. ఆమెననొద్దు."

జహంగీర్ అప్పటికే ఇంకో అంచు పట్టుకుని లాగుతున్నాడు. తన కల్లంలో పని లేనట్టు, ఇది తన పసుపే అయినట్టు. లాగుతూనే అన్నాడు: "గరం గాకు భూపతీ. ఆమె తెల్వక జెప్పింది. మనసుల ఏదో అనిపిచ్చింది, చెప్పింది. మనం నమ్మినం. ఆమె ఒక్కదాని తప్పా?"

భూపతి ఇద్దరి మాటా విన్నాడు. ఏది పట్టుకోవాలో ఆయనకు అర్థం కాలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని నీలవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతులో కోపం కన్నా, ఏదో ఒక మాట చెబితే చాలన్న తొందరే ఎక్కువగా ఉంది.

"నువ్వు చెప్పు నీలవ్వా. దేవుడు మనసు మార్చుకున్నడా, లేకుంటే నువ్వు తెల్వక జెప్పినవా? రెండిట్ల ఏదో ఒకటి చెప్పు, నేను ఒప్పుకుంట."

నీలవ్వ చేతిలోని పరదా కొస వదల్లేదు. పాస్టర్ తల ఊపి ధైర్యం చెబుతున్నాడు. అవతలి అంచున జహంగీర్ చెమట తుడుచుకుంటూ, ఏదో ఒకటి చెప్పేయమన్నట్టు చూస్తున్నాడు.

"రెండు గాదు పటేలా" అంది. "పొద్దటి సంది వాన రావాలె అని నేనే మొక్కుతున్న. కప్పనిది ఒక్క జహంగీర్ భాయ్ కల్లమే గద. ఆయన పసుపు తడిసి ఆగమైనా మంచిదే, నా మాట నిలవాలె అని మొక్కిన."